63 శాతం వెనక పది మంది: ఇంట్లో సౌనా కొనే ముందు చూసుకోవలసిన లెక్క

మిషిగన్‌లో ఉండే మా బావమరిది కిందటి నవంబరులో ఫోను చేశాడు. "బావగారూ, బేస్‌మెంట్‌లో సౌనా పెట్టించుకుందామనుకుంటున్నాను. గుండెపోటు 63 శాతం తగ్గుతుందట" అన్నాడు. మాట పూర్తి కాకముందే ఒక బ్రోషర్ పంపాడు. మనిషి కూర్చుని చెమట పట్టించుకునే నున్నటి చెక్క పెట్టె, అద్దం తలుపు, లోపల ఎర్రటి వెలుగు, తెల్ల తువ్వాలు చుట్టుకుని చిరునవ్వు నవ్వుతున్న ఒక మనిషి. బొమ్మ కింద బొద్దు అక్షరాల్లో 63. ధర 2,500 డాలర్లు.

ఆ అంకె నిజమైనదే, నేను వెతికి చూశాను. ఆ పెట్టె కూడా నిజమైనదే. చిక్కల్లా ఆ రెండింటినీ ఒకే కాగితం మీద వేయడంలో ఉంది. అంకె ఒక రకం సౌనాది, అమ్ముతున్నది మరో రకం. బోడిగుండుకూ మోకాలికీ ముడి అంటే ఇదే.

ముందు పేర్ల గందరగోళం తేల్చుకోవాలి. తెలుగులో "ఆవిరి స్నానం" అనే ఒక్క మాట కిందకి మూడు వేరువేరు వస్తువులను తోసేస్తున్నాం. మొదటిది ఫిన్లాండ్ సౌనా. చెక్క గది, అందులో రాళ్లు పేర్చిన పొయ్యి, 80 నుంచి 100 డిగ్రీల పొడి వేడి. మధ్యమధ్య రాళ్ల మీద గరిటెడు నీళ్లు చల్లితే చుయ్‌మని లేచే ఆవిరిని అక్కడివాళ్లు "లోయిలీ" అంటారు. రెండోది హోటళ్లలో, జిమ్ముల్లో ఉండే స్టీమ్ గది. టైల్స్ వేసిన గది, 40, 45 డిగ్రీలే కానీ గాలి నిండా తేమ. మూడోది ఇన్‌ఫ్రారెడ్ గది. అక్కడ గాలిని వేడెక్కించడం ప్రధానం కాదు, పలకల నుంచి వచ్చే కిరణాలు నేరుగా ఒంటిని తాకుతాయి. లోపల 45 నుంచి 65 డిగ్రీలు ఉంటుంది. ఇప్పుడు ఇళ్లకోసం ఎక్కువగా ప్రచారం చేస్తున్నది ఈ మూడోదాన్నే. చవక, మామూలు ప్లగ్గుకు తగిలిస్తే చాలు, ఒక మధ్యాహ్నంలో బిగించేయవచ్చు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. వేడి గదిలో కూర్చుని చెమట పట్టించుకోవడం మనకు పరాయి విద్య కాదు. చరక సంహిత నిప్పుతో చేసే స్వేదాలను, అంటే చెమట పట్టించే చికిత్సలను, పదమూడు రకాలుగా చెబుతుంది. అందులో జెంతాక స్వేదం ఒకటి. నీటి ఒడ్డున గుండ్రటి మట్టి గది కట్టి, గోడ చుట్టూ అరుగు వేసి, నడుమ పొయ్యిలో చండ్ర కట్టెలు కాల్చి, పొగ పోయాక ఒంటికి నూనె రాసుకున్న మనిషిని లోపలికి పంపాలంటుంది. ఫిన్లాండ్ పల్లెల్లో ఇప్పటికీ మిగిలిన పొగ సౌనా వర్ణన ఇంచుమించు ఇదే. రెండింటికీ చుట్టరికం ఉందని నేననను. మనిషికి నిప్పు, రాయి, మట్టి దొరికితే చేసే పని ఎక్కడైనా ఒకటే అనిపించింది, అంతే.

ఇక ఆ 63 సంగతి. ఫిన్లాండ్‌లో 55 లక్షల జనాభాకు దాదాపు 30 లక్షల సౌనాలు ఉన్నాయి. 2020లో యునెస్కో వాళ్ల సౌనా సంస్కృతిని వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ దేశంలోని కువోపియో ప్రాంతంలో 1984 నుంచి 1989 మధ్య, 42 నుంచి 60 ఏళ్ల మగవాళ్లను ఒక గుండె జబ్బుల అధ్యయనంలో చేర్చుకున్నారు. వాళ్లలో సౌనా అలవాటున్న 2,315 మందిని సుమారు ఇరవై ఏళ్ల పాటు గమనించి, యారి లౌక్కనెన్ బృందం 2015లో ఫలితాలు ప్రకటించింది. వారానికి ఒకసారి సౌనాకు వెళ్లేవారితో పోలిస్తే, నాలుగు నుంచి ఏడుసార్లు వెళ్లేవారిలో హఠాత్తుగా గుండె ఆగి చనిపోవడం 63 శాతం తక్కువ. మా బావమరిది అన్నట్టు అది గుండెపోటుల లెక్క కాదు, హఠాన్మరణాల లెక్క. ఏ కారణం చేతనైనా చనిపోయే అవకాశం 40 శాతం తక్కువ.

శాతాలు ఎప్పుడూ గంభీరంగానే ఉంటాయి. తలలు లెక్కపెడితే బొమ్మ మారుతుంది. ఆ 2,315 మందిలో వారానికి ఒకసారి వెళ్లేవారు 601, రెండు మూడుసార్లు వెళ్లేవారు 1,513, నాలుగు అంతకంటే ఎక్కువసార్లు వెళ్లేవారు కేవలం 201 మంది. హఠాన్మరణాలు మొత్తం 190. మొదటి గుంపులో 61, రెండో గుంపులో 119, మూడో గుంపులో 10. అంటే ప్రపంచమంతా బ్రోషర్లకెక్కిన ఆ అంకె ఒక చిన్న గుంపులోని పది మరణాల మీద నిలబడి ఉంది. మామూలు భాగహారం చేస్తే 10.1 శాతం నుంచి 5 శాతానికి, అంటే సగానికి, తగ్గినట్టు. వయసు, పొగ తాగడం, రక్తపోటు, కొలెస్టరాల్, వ్యాయామం వంటి వాటిలో గుంపుల మధ్య ఉన్న తేడాలను లెక్కలో సర్దుబాటు చేశాక ఆ తగ్గుదల 63 శాతం అయింది.

దీన్ని బట్టి అధ్యయనం పనికిరాదని తేల్చేయడం కూడా తొందరపాటే. ఇరవై ఏళ్ల ఓపికతో చేసిన పని అది. పైగా వెళ్లినకొద్దీ మేలు మెట్టుమెట్టుగా పెరుగుతోంది. 2018లో ఆడవారిని కూడా కలుపుకుని 1,688 మందితో ప్రకటించిన పరిశీలనలోనూ ఫలితం అటువైపే మొగ్గింది. కాని ఇదంతా చూసి రాసుకున్న లెక్క, చేసి చూసిన ప్రయోగం కాదు. ఒంట్లో బాగాలేని మనిషి సౌనాకు తక్కువ వెళతాడు. వారానికి ఐదుసార్లు వెళ్లేవాడికి తీరిక ఉంటుంది, ఇంట్లోనే సౌనా ఉంటుంది, పక్కన కబుర్లు చెప్పే మనిషి ఉంటాడు. వీటన్నిటినీ ఏ సర్దుబాటూ పూర్తిగా తుడిచేయలేదు. ఇంకో ముచ్చట. ఆ ఊళ్లో సౌనాకు అసలే వెళ్లనివాళ్లు దాదాపు లేరు. కాబట్టి "వాడితే మేలా, వాడకపోతే మేలా" అన్న మన ప్రశ్నకు ఆ అధ్యయనంలో జవాబు లేదు. అక్కడ తేలింది తక్కువసార్లకూ ఎక్కువసార్లకూ మధ్య తేడా మాత్రమే.

చేసి చూసిన ప్రయోగాలూ ఉన్నాయి, చిన్నవి. ఫిన్లాండ్‌లోని యువాస్కులలో 2022లో వచ్చిన ప్రయోగంలో 47 మంది ఉన్నారు, అందరూ కదలకుండా కూర్చుని పనిచేసేవాళ్లు. ఎనిమిది వారాల పాటు కొందరు వ్యాయామం మాత్రమే చేశారు, కొందరు వ్యాయామం తర్వాత 15 నిమిషాలు సౌనాలో కూర్చున్నారు. కూర్చున్నవారిలో పై రక్తపోటు అదనంగా 8 పాయింట్ల దాకా తగ్గింది, దమ్ము కూడా మెరుగైంది. 2023లో కెనడాలోని మాంట్రియల్ బృందం గుండె రక్తనాళాల జబ్బు ఉండి నిలకడగా ఉన్న 41 మందితో మరో ప్రయోగం చేసింది. సౌనా బృందం వారానికి నాలుగుసార్లు, 79 డిగ్రీల సౌనాలో, ఎనిమిది వారాలు కూర్చుంది. రక్తనాళాల పనితీరులో గానీ రక్తపోటులో గానీ చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఒకరు ఔనన్నది ఇంకొకరికి కనబడలేదు. ఎనిమిది వారాల్లో కనిపించనిది ఇరవై ఏళ్లలో రావచ్చు, వ్యాయామంతో జత కలిస్తేనే పనిచేస్తూ ఉండవచ్చు. నాకు అర్థమైనంతలో, నడక మానేసి సౌనా కొనడానికి ఇక్కడ ఆధారం లేదు. నడిచి వచ్చి కూర్చోవడానికి కొంత ఉంది.

ఇక ఇన్‌ఫ్రారెడ్. దీని పునాది జపాన్‌లో ఉంది. కగోషిమాలో చువా తెయి అనే వైద్యుడు గుండె బలహీనపడిన రోగులకు "వావోన్" చికిత్స రూపొందించాడు. 60 డిగ్రీల ఇన్‌ఫ్రారెడ్ గదిలో 15 నిమిషాలు, ఆ తర్వాత దుప్పటి కప్పుకుని 30 నిమిషాలు. చిన్న పరీక్షల్లో ఫలితాలు ఆశ పుట్టించాయి. పలు ఆసుపత్రుల్లో 149 మందితో చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. చికిత్స పొందినవారిలో గుండె ఒత్తిడిని చూపే రక్త సూచిక తగ్గింది, కాని రెండు గుంపులనూ పోల్చి చూస్తే తేడా గణాంకపరంగా నిలబడలేదు. అది కూడా ఆసుపత్రిలో, వైద్యుల కళ్ల ముందు, రోగుల మీద జరిగింది. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఇంట్లో పెట్టుకున్న పెట్టెకు ఇరవై ఏళ్ల లెక్క ఏదీ లేదు. "కిరణాలు ఒంట్లోకి అంగుళంన్నర లోతుకు దిగుతాయి" అనే మాట బ్రోషర్లలో తరచూ కనిపిస్తుంది. ఈ గదుల్లో ఎక్కువగా వాడే దూర ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు చర్మం పైపొరలోనే, మిల్లీమీటరులో చిన్న భాగంలోనే, ఇంకిపోతాయి. అక్కడి నుంచి లోపలికి వేడిని మోసుకెళ్లేది రక్తమే, ఏ వేడికైనా అంతే.

చెమటతో విషాలు పోతాయన్న మాట మీద ఎక్కువ సేపు ఆగనవసరం లేదు. చెమటలో ఉండేది దాదాపు అంతా నీరు, ఉప్పే. శుభ్రం చేసే పని కాలేయానిది, మూత్రపిండాలది. తగ్గిన బరువు రెండు గ్లాసుల నీళ్లతో తిరిగి వస్తుంది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన పరీక్ష అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో జరిగింది, 2025లో వెలువడింది. 20 మంది ఆరోగ్యవంతులైన యువతీయువకులు మూడు రకాల వేడినీ వేరువేరు రోజుల్లో రుచి చూశారు. 80 డిగ్రీల సౌనాలో పదేసి నిమిషాలు మూడు విడతలు. ఇన్‌ఫ్రారెడ్ గదిలో 45 నిమిషాలు. 40.5 డిగ్రీల వేడినీళ్ల తొట్టిలో 45 నిమిషాలు. ఒంటి లోపలి ఉష్ణోగ్రత సౌనాలో 0.4 డిగ్రీలు పెరిగింది. ఇన్‌ఫ్రారెడ్‌లో దాదాపు పెరగలేదు. నీళ్ల తొట్టిలో 1.1 డిగ్రీలు పెరిగింది. కారణం చిత్రమైనదేమీ కాదు. గాలికంటే నీరు వేడిని ఎంతో జోరుగా ఒంటికి అందిస్తుంది, నీళ్లలో మునిగి ఉన్నప్పుడు చెమట ఆరి చల్లబడే దారి కూడా మూసుకుపోతుంది. వేడి వల్ల మేలు జరిగేది ఒళ్లు లోపల వేడెక్కడం వల్లనే అయితే, అమ్మకానికున్న వాటిలో ఆడంబరం తక్కువైన తొట్టే ముందుంది. జపాన్‌లో 30 వేల మందిని ఇరవై ఏళ్లు గమనించిన లెక్క కూడా ఒకటి 2020లో వచ్చింది. దాదాపు రోజూ తొట్టి స్నానం చేసేవారిలో గుండె, రక్తనాళాల జబ్బులు 28 శాతం తక్కువ. ఇదీ చూసి రాసుకున్న లెక్కే. ఫిన్లాండ్ లెక్కను అనుమానించినవాడు దీన్నీ అంతే అనుమానించాలి.

తొట్టి మాట వినగానే మన ఊళ్ల నీళ్ల గోడు గుర్తొస్తుంది. 200 లీటర్ల తొట్టిని 25 డిగ్రీల నుంచి 41 డిగ్రీలకు తేవాలంటే నాలుగు యూనిట్ల కరెంటు కావాలి. 25 లీటర్ల గీజరు మూడుసార్లు నిండి, మూడుసార్లు కాగాలి. ఏప్రిల్‌లో ట్యాంకరు కోసం వాట్సాప్ గ్రూపులో పేరు రాయించుకునే హైదరాబాద్ అపార్ట్‌మెంటులో రోజూ 200 లీటర్లు ఒక మనిషి ఒళ్లు కాచుకోవడానికి పోశాడంటే కింది ఫ్లాటువాళ్లు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

సరే, సౌనానే కొనాలనుకున్నారు. ధర అడిగే ముందు వారానికి ఎన్నిసార్లు కూర్చుంటారో అడగాలి. మొత్తం లెక్కను తిప్పేది ఆ ఒక్క అంకే.

మా బావమరిదికి వేసిచ్చిన లెక్క ఇది. రాళ్ల హీటరున్న చిన్న సౌనాకు 6,000 డాలర్లు, విడిగా 240 వోల్టుల లైను లాగే ఎలక్ట్రీషియన్‌కు 1,200 అనుకుందాం. పదేళ్లు మన్నితే ఏడాదికి 720. వారానికి నాలుగుసార్ల చొప్పున ఏడాదికి 200 సార్లు కూర్చుంటే ఒక్కోసారికి 3 డాలర్ల 60 సెంట్లు. ఒక్కసారికి ఆరు యూనిట్ల కరెంటుకు ఇంకో డాలరు. మొత్తం ఒక కాఫీ ధర. నెలకు ఒకసారే కూర్చుంటే మాత్రం ఒక్కోసారికి 61 డాలర్లు. 2,500 డాలర్ల ఇన్‌ఫ్రారెడ్ పెట్టెకు ఇదే లెక్క వేస్తే, 200 సార్లకు ఒక్కోసారి డాలరున్నర చిల్లర. చవకే. కాని 63 అనే అంకె దానితో పాటు రాదు. వాళ్ల ఇంట్లో అప్పటికే ఒక ట్రెడ్‌మిల్ ఉంది, దాని మీద చీరలు ఆరేస్తున్నారు. ఆరంభ శూరత్వానికి కూడా ఒక ధర ఉంటుందని నేను ఫోనులో అనలేదు, మా ఆవిడ పక్కనే ఉంది.

హైదరాబాద్, విజయవాడల్లో లెక్క వేరు. బిగింపుతో కలిపి నాలుగు లక్షలు అనుకుందాం, ఏడాదికి 40 వేలు. ఏడాదంతా వారానికి నాలుగుసార్లు కూర్చుంటే ఒక్కోసారికి 200, పై శ్లాబులో యూనిట్ సుమారు పది రూపాయల లెక్కన కరెంటుకు 60, మొత్తం 260 రూపాయలు. అయితే మే నెలలో బయట 42 డిగ్రీలున్నప్పుడు లోపల 80 డిగ్రీల గదిలోకి ఎవరు వెళతారు? నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, నాలుగు నెలల్లో 64 సార్లు కూర్చున్నామనుకుంటే ఒక్కోసారికి 685 అవుతుంది. ఆ డబ్బుకు జిమ్ముకో ఈతకొలనుకో కట్టే రుసుము తేలిక. పైగా ఏసీ ఉన్న ఇంట్లో సౌనా పెడితే, అది వదిలిన వేడిని బయటికి తోయడానికి ఏసీ మళ్లీ కరెంటు తింటుంది.

విద్యుత్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. సౌనా హీటరుకు మోటు లెక్క ఘనపు మీటరుకు ఒక కిలోవాట్. 1.8 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు, 2.1 మీటర్ల ఎత్తు గదికి ఆరు కిలోవాట్ల హీటరు కావాలి. అద్దం గోడ, టైల్స్ గోడ ఉంటే ఇంకా ఎక్కువ. ఎందుకంటే అవి వేడిని మింగేస్తాయి. ఆరు కిలోవాట్లంటే మన 230 వోల్టుల మీద 26 ఆంపియర్లు. ఇంట్లో గీజరుకు వాడే పెద్ద ప్లగ్గు 16 ఆంపియర్లది. కాబట్టి మీటరు బోర్డు నుంచి విడిగా లావుపాటి తీగ, దానికి సొంత ఎంసీబీ (కరెంటు మితి మీరితే దానంతటదే ఆగిపోయే స్విచ్చు), అవసరమైతే కాంట్రాక్టు లోడు, అంటే ఇంటికి మంజూరైన కరెంటు పరిమితి, పెంచమని విద్యుత్ కార్యాలయానికి దరఖాస్తు. ధర చెప్పేటప్పుడు అమ్మకందారు ఇవేవీ చెప్పడు. ఇన్‌ఫ్రారెడ్‌కు ఈ తలనొప్పి లేదు. ఇద్దరు పట్టేది రెండు కిలోవాట్ల లోపే ఉంటుంది.

చెక్క విషయంలో మనకు తెలిసిన తెలివి కొంత తలకిందులవుతుంది. ఇంట్లో తలుపుకు టేకు గొప్పది, సౌనా బల్లకు కాదు. బరువైన చెక్క వేడిని పట్టి ఉంచి తొడలు కాలుస్తుంది. తేలికైన ఆస్పెన్, హెమ్‌లాక్ వంటివి కావాలి, అవేమో మన చెదలకు పండుగ భోజనం. గోడ వెనక అల్యూమినియం రేకు పొర, నేలకు టైల్స్, తలుపు కింద గాలి ఆడే ఖాళీ ఉండాలి. లోపల వార్నిష్ వద్దు, ప్లైవుడ్ వద్దు. వేడికి వాటిలోని రసాయనాలన్నీ గాలిలో కలుస్తాయి. రాళ్లు ఏటి ఒడ్డున ఏరుకొచ్చినవి వాడకూడదు. లోపల ఇరుక్కున్న తడి వేడికి ఉబ్బి అవి పగులుతాయి.

డేరాలాంటి సంచిలో కుర్చీ వేసుకుని, తల బయట పెట్టి కూర్చునే ఆవిరి పరికరాలు కొన్ని వేల రూపాయలకే దొరుకుతున్నాయి. హాయి కోసమైతే అభ్యంతరం లేదు. సౌనా అని మాత్రం పిలవకండి. ఇన్‌ఫ్రారెడ్ దుప్పట్ల విషయంలో నాకు భయమే, అందులో చుట్టుకుని నిద్రపోయే మనుషులు నాకు తెలుసు.

ఎవరు దూరంగా ఉండాలన్నది ధరకంటే ముందు చూడవలసింది. ఈ మధ్యే గుండెపోటు వచ్చినవారు, కదలకుండా ఉన్నా ఛాతీలో నొప్పి వచ్చేవారు, గుండె కవాటం బాగా ఇరుకైనవారు వైద్యుణ్ని అడగకుండా లోపలికి వెళ్లకూడదు. బీపీ మాత్రలు వేసుకునేవారు లేచేటప్పుడు కళ్లు తిరిగి పడవచ్చు, నెమ్మదిగా లేవాలి. గర్భిణులు, ముఖ్యంగా తొలి నెలల్లో, మానుకోవడం మంచిది. పిల్లల కోసం ప్రయత్నిస్తున్న మగవారికి ఒక మాట. ఇటలీలో పది మంది మూడు నెలలు వారానికి రెండుసార్లు సౌనాలో కూర్చుంటే వీర్యకణాల సంఖ్య తగ్గింది, మానేసిన ఆరు నెలలకు తిరిగి వచ్చింది. మద్యం తాగి సౌనా ఎక్కడం మాత్రం ఎవరికీ వద్దు. పంతానికి పోవడమూ వద్దు. 2010లో ఫిన్లాండ్‌లోని హైనోలాలో 110 డిగ్రీల గదిలో ఎవరు ఎక్కువసేపు కూర్చుంటారన్న పోటీ జరిగింది. తుది పోరులో ఒకరు చనిపోయారు, పోటీలు అక్కడితో ఆగిపోయాయి.

మా బావమరిది ఇంకా కొనలేదు. మిషిగన్ ఉత్తరాన, ఫిన్లాండ్ నుంచి వలస వచ్చినవాళ్లు స్థిరపడిన పల్లెల్లో ఇప్పటికీ పెరటి సౌనాలున్నాయని చెబితే, క్రిస్మస్ సెలవుల్లో అటు వెళ్లాడు. అక్కడ ఒక పెద్దాయన ఇతన్ని పై బల్ల మీద కూర్చోబెట్టి, కాళ్లు రాళ్లకంటే పైన ఉండాలి, లేకపోతే తల ఉడుకుతుంది, పాదాలు చల్లగా ఉంటాయి అన్నాడట. తిరిగి వచ్చాక బేస్‌మెంట్ పైకప్పు కొలిచాడు, ఏడడుగుల రెండంగుళాలు. పైకప్పుకు కట్టాల్సిన చెక్క, రేకు పోగా మిగిలేది ఏడడుగుల లోపే. బల్ల పైకెత్తితే తల తగులుతుంది, దించితే కాళ్లు చల్లబడతాయి. "మరి పెరట్లో కట్టిస్తే ఎంతవుతుంది బావగారూ?" అని నిన్న మెసేజ్ పెట్టాడు. ఇప్పుడు ఆ లెక్క వేస్తున్నాను. పునాదికి, మంచు మోయగల పైకప్పుకు కలిపి తడిసి మోపెడయ్యేలా ఉంది.